విదేశాల నుంచి వచ్చే ఇంటి సామాను - తాత్కాలిక సుంకం మినహాయింపు: నెల్లూరు తీరం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

విదేశాలలో ఉన్న బంధువులు ఇంటి అవసరాల కోసం పంపే వస్తువులపై దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం కొన్ని సందర్భాలలో కొంతకాలం పాటు తగ్గిస్తుంది, లేదా మాఫీ చేస్తుంది. 2021లో కోవిడ్ రెండో విడత ఉద్ధృతిలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లకు ఇచ్చిన సడలింపు ఇటువంటి వాటిలో ఇటీవలి ముఖ్యమైన ఉదాహరణ. ఈ వ్యాసం ఆ సడలింపు నడచిన క్రమాన్ని, దానిపై న్యాయస్థానాలలో జరిగిన వాదాన్ని, దాని వెనుక ఉన్న చట్టసూత్రాలను వివరిస్తుంది. మోటుపల్లి, కృష్ణపట్నం శాసనాలు తెలిపే తీరాంధ్ర సుంకాల చరిత్రను నేపథ్యంగా స్వీకరించి, విపత్తులు తరచుగా తాకే నెల్లూరు తీరవాసుల దృష్టితో ఈ సడలింపు ప్రయోజనాన్ని అంచనా వేస్తుంది. సడలింపు విలువను నిర్ణయించేది సుంకం శాతం ఒక్కటే కాదనీ, వస్తువు వచ్చే దారి, లెక్కకు తీసుకొనే తేదీ, అడిగే రుజువు కూడా అంతే నిర్ణాయకమైనవనీ నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: సుంకం, దిగుమతి, మినహాయింపు, కానుక, నెల్లూరు తీరం, కృష్ణపట్నం, మోటుపల్లి శాసనం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట "సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు" అనే సామెత ఉంది. సుంకం వసూలు చేసేవాడికి మూటలోని సరుకుతో పని గాని, మూట మోసేవాడి కష్టంతో పని లేదని దాని భావం. 'శుల్కం' అనే సంస్కృతపదానికి తద్భవంగా ఏర్పడిన 'సుంకం' తెలుగు శాసనాలలో విరివిగా కనిపిస్తుంది. సుంకరి అనే వృత్తినామం, సుంకర అనే ఇంటిపేరు ఆ వ్యవస్థ జనజీవనంలో ఎంతగా పాతుకుపోయిందో తెలుపుతాయి. రాజ్యాలు మారినా, రేవులు మారినా సామెత చెప్పిన సమస్య మాత్రం మారలేదు. కష్టకాలంలో సరుకు తెప్పించుకొనేవాడి దుఃఖాన్ని సుంకవ్యవస్థ ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి? తీసుకొంటే ఏ రూపంలో తీసుకోవాలి?

నెల్లూరు తీరంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. కావలి నుంచి తడ వరకు విస్తరించిన ఈ తీరాన్ని 1927, 1984, 1989 సంవత్సరాల నవంబరు తుఫానులు తాకాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ కూడా ఇక్కడి మత్స్యకార గ్రామాలను దెబ్బతీసింది. మరోవైపు కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు ఉపాధి కోసం, అమెరికాకు చదువుల కోసం, ఉద్యోగాల కోసం వెళ్లినవారున్న కుటుంబాలు ఈ జిల్లాలో ఉన్నాయి. ఆపద వచ్చినప్పుడు అటువంటి కుటుంబం మొదట సాయం అడిగేది విదేశంలో ఉన్న కొడుకునో, కూతురినో, అల్లుడినో. వారు డబ్బు పంపితే బ్యాంకు ద్వారా చేరుతుంది. వస్తువు పంపితే అది సుంకం కార్యాలయం దాటి రావాలి.

2. తీరాంధ్రలో సుంకం సడలింపు - చారిత్రక నేపథ్యం:

విదేశీ సరుకుపై సుంకం తగ్గించడం ఆధునిక ప్రభుత్వాల ఆలోచన మాత్రమే కాదు. నెల్లూరు తీరానికి ఉత్తరాన, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, వేయించిన శాసనం అభయశాసనంగా ప్రసిద్ధి పొందింది. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారని ఆ శాసనం చెబుతుంది. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని విడిచిపెట్టి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్రవర్తకులకు అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పైలో ఒక వంతుగా సుంకాన్ని నిర్ణయించి, కొన్ని సరుకులకు విడివిడిగా రేట్లు చెక్కించాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరో శాసనం ద్వారా వర్తకులకు సడలింపులు ప్రకటించాడు.

నెల్లూరు తీరంలోని కృష్ణపట్నానికీ ఇటువంటి చరిత్ర ఉంది. 13వ శతాబ్దానికి చెందిన అక్కడి తమిళశాసనం ఆ రేవును కొల్లితురై అనీ, గండగోపాలపట్టణమనీ పేర్కొంటుంది. రేవులో దిగే సరుకుపై దేవాలయానికి చెల్లించవలసిన మొత్తాలను వర్తక సమూహాలు కలిసి నిర్ణయించుకొన్న విషయాన్ని ఆ శాసనం నమోదు చేసింది.

ఈ శాసనాలలో ప్రస్తుత విషయానికి అవసరమైన అంశాలు రెండున్నాయి. మొదటిది, గణపతిదేవుడి సడలింపునకు మూలం విపత్తే. ఓడ తుఫానులో చిక్కడమంటే వర్తకుడికి సర్వస్వం పోవడమే. ఆ స్థితిలో ఉన్నవాడి నుంచి మిగిలినదాన్ని లాక్కోవడం ధర్మం కాదన్న భావం ఆ శాసనంలో ఉంది. రెండవది, ఆ సడలింపు రేవులో అడుగుపెట్టేవారందరికీ కనిపించేలా రాతిపై నిలిచింది. 'అభయం' అన్న మాటకు సార్థకత అక్కడే ఉంది. రేటు ఎంతో ఓడ బయలుదేరే ముందే వర్తకుడికి తెలియడంలోనే ఆ అభయం ఉంది. ఆధునిక కాలపు తాత్కాలిక సడలింపును అంచనా వేయడానికి ఇది ఉపయోగపడే కొలమానం.

3. ఇంటి సామానుకు చట్టంలో ఉన్న స్థానం:

భారతదేశంలో దిగుమతి సుంకాలకు మూలం 1962 నాటి కస్టమ్స్ చట్టం. ఇంటి సామాను ఈ చట్టం కింద ప్రధానంగా మూడు దారులలో దేశంలోకి వస్తుంది.

మొదటి దారి ప్రయాణికుడి వెంట వచ్చే సామాను. దీనిని బ్యాగేజి నిబంధనలు నియంత్రిస్తాయి. 2021లో అమలులో ఉన్న 2016 నాటి నిబంధనల ప్రకారం, విదేశాల నుంచి తిరిగివచ్చే భారతీయుడు రూ. 50,000 విలువ వరకు వస్తువులను సుంకం లేకుండా తెచ్చుకోగలిగేవాడు. నేపాల్, భూటాన్, మయన్మార్‌ల నుంచి వచ్చేవారికి ఈ పరిమితి రూ. 15,000గా ఉండేది. విదేశంలో పనిచేసి తిరిగివచ్చేవారికి ఇంటి సామాను విషయంలో అదనపు రాయితీ ఉండేది. అక్కడ 3 నుంచి 6 నెలలు ఉన్నవారికి రూ. 60,000, 6 నెలల నుంచి ఏడాది ఉన్నవారికి రూ. 1,00,000, గడచిన రెండేళ్లలో కనీసం ఏడాది ఉన్నవారికి రూ. 2,00,000, రెండేళ్లు, ఆపైన ఉన్నవారికి రూ. 5,00,000 వరకు ఆ రాయితీ వర్తించేది. అయితే పలుచని తెర ఉన్న టెలివిజన్ ఉచిత పరిమితిలోకి వచ్చేది కాదు. గల్ఫ్ నుంచి తిరిగివచ్చే కుటుంబాలకు బాగా తెలిసిన నిబంధన ఇది.

రెండవ దారి మనిషి రాకుండా వస్తువు మాత్రమే తపాలా ద్వారా గాని, కొరియర్ ద్వారా గాని రావడం. దీనిని చట్టం 'వ్యక్తిగత వినియోగానికి దిగుమతి'గా పరిగణిస్తుంది. అటువంటి వస్తువులన్నీ, అవి ఏ రకానికి చెందినవైనా, సుంకాల పట్టికలో 9804 అనే ఒకే శీర్షిక కిందికి వస్తాయి. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ జారీ చేసిన ప్రకటనతో ఈ దారి మరింత ఇరుకైంది. కానుకగా మినహాయింపు కోరుతూ తపాలాలో, కొరియర్‌లో వస్తువులు తెప్పించుకోవడాన్ని ఆ ప్రకటన నిషేధించింది. ప్రాణరక్షక ఔషధాలకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు దక్కింది. మిగిలినవాటికి వర్తించే సుంకం పూర్తిగా చెల్లించవలసిందే.

మూడవ దారి సంస్థల ద్వారా వచ్చే సహాయసామగ్రి. పేదలకు, అవసరంలో ఉన్నవారికి కుల మత వివక్ష లేకుండా ఉచితంగా పంచేందుకు విదేశాల నుంచి కానుకగా వచ్చే ఆహారపదార్థాలు, మందులు, దుస్తులు, దుప్పట్లు మొదలైనవాటిని ధార్మిక సంస్థలు సుంకం లేకుండా దిగుమతి చేసుకొనేందుకు 1994 జూలై 13 నాటి 148వ నంబరు ప్రకటన వీలు కల్పించింది.

ఈ మూడు దారులను పక్కపక్కన పెట్టి చూస్తే చట్టం చూపే తారతమ్యం స్పష్టమవుతుంది. సామానుతో పాటు మనిషి వస్తే చట్టం అతన్ని నమ్మి ఒక పరిమితి వరకు విడిచిపెడుతుంది. సంస్థ తెప్పిస్తే షరతులపై విడిచిపెడుతుంది. విదేశంలో ఉన్న కొడుకు తల్లికి పంపిన వస్తువు, సంచి తప్ప మనిషి రాని వస్తువు, అందరికంటే కఠినమైన లెక్కలో పడుతుంది. తెలుగు కుటుంబవ్యవహారంలో అది కానుక కూడా కాదు, బాధ్యత. ఆడపిల్లకు సారె పెట్టినట్లు, ముసలివారికి మందులు తెచ్చినట్లు సహజంగా జరిగే పని. చట్టపరిభాషలో మాత్రం అది 'దిగుమతి'.

4. 2021: ఒకే యంత్రం, మారిన రేట్లు:

పై తారతమ్యం ప్రాణాంతక ప్రశ్నగా మారినది 2021 ఏప్రిల్, మే నెలలలో. అప్పటికి దేశంలో రోజువారీ కోవిడ్ కేసులు నాలుగు లక్షలు దాటాయి. మే మధ్యనాటికి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక్కరోజు కేసులు 24 వేలు మించాయి. ఆసుపత్రులలో పడకలు, ఆక్సిజన్ దొరకని స్థితిలో ఇంటివద్ద వాడుకోదగిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌కు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఈ యంత్రం చుట్టూ ఉన్న గాలినే లోపలికి పీల్చుకొంటుంది. గాలిలో సుమారు 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. యంత్రంలోని జియోలైట్ అనే ఖనిజపు గుళికలు ఒత్తిడిలో నైట్రోజన్‌ను పట్టి ఉంచి, ఆక్సిజన్ అధికంగా ఉన్న గాలిని రోగికి అందిస్తాయి. ఇంట్లో వాడే యంత్రాలు సాధారణంగా నిమిషానికి 5 లేదా 10 లీటర్లు ఇస్తాయి. సిలిండర్‌లా నింపించుకోవలసిన పని లేదు, విద్యుత్తు ఉంటే చాలు. తీవ్రస్థితిలో ఉన్న రోగికి ఇది ఆసుపత్రికి ప్రత్యామ్నాయం కాకపోయినా, పడక దొరికేవరకు ఊపిరి నిలపగల సాధనం.

సాధారణ అంతర్జాతీయ విమాన సర్వీసులు 2020 మార్చి 23 నుంచే నిలిచిపోయాయి. పరిమిత ఏర్పాట్ల కింద నడచిన విమానాలలో ప్రయాణం అందరికీ సాధ్యం కాలేదు. అందువల్ల మనిషితో సామాను వచ్చే మొదటి దారి చాలామందికి మూసుకుపోయింది. విదేశాలలోని బంధువులకు మిగిలింది కొరియర్ ఒక్కటే.

ఆ దారిలో ప్రభుత్వం సడలింపులు ఇచ్చిన క్రమం ఇది. 2021 ఏప్రిల్ 24న కాన్సంట్రేటర్లపై మూల దిగుమతి సుంకాన్ని, ఆరోగ్య సెస్సును జూలై 31 వరకు మాఫీ చేసింది. ఏప్రిల్ 30న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ వ్యక్తిగత వినియోగానికి కాన్సంట్రేటర్లను కానుకగా తెప్పించుకోవడాన్ని జూలై 31 వరకు అనుమతించింది. అయితే సమీకృత వస్తుసేవల పన్ను, అంటే ఐజీఎస్టీ, మిగిలే ఉంది. వ్యాపారి అమ్మకానికి తెప్పిస్తే ఆ పన్ను 12 శాతం. కుటుంబం తన అవసరానికి తెప్పించుకొంటే 9804 శీర్షిక కింద 28 శాతం. మే 1న ఈ తేడాను తొలగించి, వ్యక్తిగత దిగుమతికి కూడా 12 శాతంగా జూన్ 30 వరకు నిర్ణయించారు. జూన్ 12న జరిగిన 44వ జీఎస్టీ మండలి సమావేశం దానిని 5 శాతానికి తగ్గించింది. జూన్ 14 నుంచి అమలైన ఆ రేటు సెప్టెంబరు 30తో ముగిసింది. సెప్టెంబరు 17న జరిగిన 45వ సమావేశం కొన్ని కోవిడ్ మందులపై రాయితీని డిసెంబరు 31 వరకు పొడిగించింది గాని, పరికరాలపై పొడిగించలేదు.

రూ. 50,000 విలువ గల యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొంటే ఐజీఎస్టీ భారం ఇలా మారింది:

- ఏప్రిల్ చివరి వారంలో 28 శాతం: రూ. 14,000
- మే 1 నుంచి 12 శాతం: రూ. 6,000
- జూన్ 14 నుంచి సెప్టెంబరు 30 వరకు 5 శాతం: రూ. 2,500

రోగం ఉద్ధృతంగా ఉన్న రోజులలో పన్ను ఎక్కువగానూ, ఉద్ధృతి తగ్గుతున్న రోజులలో పన్ను తక్కువగానూ ఉండడం ఈ లెక్కలో కనిపించే వైపరీత్యం.

5. న్యాయస్థానాలలో వాదం:

మే 1 నాటి ప్రకటనను 85 ఏళ్ల వృద్ధుడొకరు దిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. అమెరికాలో ఉన్న బంధువు తనకు కానుకగా పంపిన కాన్సంట్రేటర్‌పై 12 శాతం పన్ను వసూలు చేయడం రాజ్యాంగవిరుద్ధమని ఆయన వాదం. ఈ వాదానికి బలాన్నిచ్చినది మే 3 నాటి ప్రత్యేక ఉత్తర్వు. ఉచిత పంపిణీ కోసం విదేశాల నుంచి ఉచితంగా వచ్చే కోవిడ్ సహాయసామగ్రికి, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నోడల్ అధికారి ధ్రువీకరించిన సంస్థ తెప్పించుకొంటే, ఐజీఎస్టీని పూర్తిగా మాఫీ చేస్తూ ఆ ఉత్తర్వు వెలువడింది. మే 28న జరిగిన 43వ జీఎస్టీ మండలి సమావేశం దాని గడువును ఆగస్టు 31 వరకు పొడిగించింది. దిగుమతి చేసుకొన్న సంస్థ ఆరు నెలలలోగా పంపిణీ వివరాలు సమర్పిస్తే సరిపోతుంది. అంటే ఒకే యంత్రం, ఒకే దేశం నుంచి, ఒకే విమానంలో వచ్చినా, సంస్థ పేరున వస్తే పన్ను లేదు, రోగి పేరున వస్తే ఉంది.

న్యాయమూర్తులు రాజీవ్ శక్ధర్, తల్వంత్ సింగ్‌ల ధర్మాసనం 2021 మే 21న తీర్పు ఇస్తూ, వ్యక్తిగత వినియోగానికి కానుకగా వచ్చే కాన్సంట్రేటర్లపై ఐజీఎస్టీ విధించడం రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. వ్యక్తినీ, ప్రభుత్వం గుర్తించిన సంస్థనూ వేరుచేసి చూడడం సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణానికి భంగమని భావించింది. జీవించే హక్కును చెప్పే 21వ అధికరణాన్ని కూడా ఆధారంగా తీసుకొంది. దుర్వినియోగం జరగకుండా, యంత్రాన్ని వ్యాపారానికి కాక సొంతానికే వాడుకొంటామని దిగుమతిదారు హామీపత్రం ఇవ్వాలన్న షరతు పెట్టింది.

కేంద్ర ప్రభుత్వం అప్పీలు చేయగా, జూన్ 1న సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. పన్ను ఎంత, ఎవరికి మినహాయింపు అన్నవి విధాన నిర్ణయాలనీ, వాటిని జీఎస్టీ మండలి పరిశీలిస్తున్నదనీ ప్రభుత్వం వాదించింది. మే 21 నుంచి జూన్ 1 వరకు పదకొండు రోజులపాటు మాత్రమే ఆ తీర్పు నిలిచింది.

6. సడలింపునకు వ్యతిరేక వాదన - దాని పరిధి:

పూర్తి మాఫీని ప్రభుత్వం ఎందుకు నిరాకరించిందో కూడా పరిశీలించాలి. 2021 మే 9న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఈ విషయంలో వివరణ ఇచ్చారు. జీఎస్టీని పూర్తిగా తీసివేస్తే దేశీయ తయారీదారులు ముడిసరుకుపై చెల్లించిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోలేరనీ, ఆ భారాన్ని చివరకు ధరలో కలిపి వినియోగదారుపైనే వేస్తారనీ ఆమె చెప్పారు. వస్తుసేవల పన్ను నిర్మాణాన్ని బట్టి ఈ వాదన సమంజసమే. కొంత పన్ను ఉంటేనే కింది అంచెలో కట్టినదాన్ని తీసివేసుకొనే వీలు ఉంటుంది.

అయితే ఈ వాదన వ్యాపార సరఫరాకు వర్తించినంతగా కుటుంబానికి వచ్చే కానుకకు వర్తించదు. కానుకకు దేశంలో ముడిసరుకు లేదు, తయారీ అంచెలు లేవు, అమ్మకం లేదు. దానిపై చెల్లించిన పన్నును ఆ కుటుంబం మరెక్కడా సర్దుబాటు చేసుకోలేదు. వ్యాపారి చెల్లించే 12 శాతం ముందుకు సాగిపోతుంది. రోగి చెల్లించే 12 శాతం అతని దగ్గరే ఆగిపోతుంది. రేటు ఒకటే అయినా భారం ఒకటి కాదు.

దుర్వినియోగం గురించిన భయం మాత్రం తీసివేయదగినది కాదు. కానుకల పేరిట అనేక యంత్రాలు తెప్పించి నల్లబజారులో అమ్ముకొనే ప్రమాదం నిజమే. దానికి హైకోర్టు సూచించిన హామీపత్రం ఒక విరుగుడు. ఒక కుటుంబానికి ఇన్ని యంత్రాలేనన్న పరిమితి మరొకటి. కొరియర్ దిగుమతులకు గుర్తింపు పత్రాలు ఎలాగూ అవసరమే కాబట్టి ఆ పరిమితిని అమలు చేయడం కష్టం కాదు. సంస్థలను ముందు నమ్మి, ఆరు నెలల తర్వాత లెక్క అడిగిన ప్రభుత్వం కుటుంబాన్ని కూడా అదే పద్ధతిలో నమ్మవచ్చు.

7. నెల్లూరు తీరవాసుల దృష్టితో:

ఈ సడలింపు నెల్లూరు తీరంలోని ఒక కుటుంబానికి చేరాలంటే దాటవలసిన మెట్లు ఏమిటో చూస్తే కాగితంపై కనిపించని కొన్ని విషయాలు బయటపడతాయి.

మొదటిది రేవు. ఆధునిక కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైంది. కస్టమ్స్ యంత్రాంగం అక్కడ ఉంది. కానీ ఓడలో వచ్చే సరుకుకు వారాలు పడుతుంది. రోగికి ఉన్న వ్యవధి రోజులే. కాబట్టి అత్యవసర వస్తువు విమానంలో చెన్నైకో, హైదరాబాదుకో చేరి, అక్కడి కొరియర్ టెర్మినల్‌లో సుంకం తేలిన తర్వాతే నెల్లూరు వైపు బయలుదేరాలి. ఊరి పక్కనే ఓడరేవు ఉన్నా ఊరివారి వస్తువు ఆ రేవుకు రాదు. 2021 మేలో కృష్ణపట్నం పేరు దేశమంతటా వినిపించింది కూడా ఓడరేవు వల్ల కాదు, అక్కడ పంచిన ఒక సంప్రదాయ మందు కోసం వేలాదిగా తరలివచ్చిన జనం వల్ల. అంతర్జాతీయ సరుకు దిగే చోటికి కూతవేటు దూరంలో జనం వనమూలికల మందు కోసం బారులు తీరారంటే ఆనాటి నిస్సహాయత ఎంతటిదో ఊహించవచ్చు.

రెండవది తేదీ. కస్టమ్స్ చట్టంలోని సెక్షను 15 ప్రకారం సాధారణ దిగుమతిపై సుంకం రేటును నిర్ణయించేది వస్తువును పంపిన తేదీ కాదు, దేశంలో దిగుమతి పత్రం దాఖలైన తేదీ. దీని పర్యవసానం తాత్కాలిక సడలింపులలో తీవ్రంగా ఉంటుంది. సడలింపు జూన్ 30తో ముగుస్తుందనుకొందాం. డల్లాస్ నుంచి జూన్ 25న పంపిన యంత్రం విమానాల ఆలస్యం వల్ల జూలై 2న చేరితే సడలింపు వర్తించదు. పంపినవాడు గడువులోపలే పంపాడు, అందుకొనేవాడి అవసరం మారలేదు, మారినది క్యాలెండర్ మాత్రమే. రేటు 28, 12, 5 శాతాలుగా మారుతూ, మధ్యలో న్యాయస్థానం రద్దు చేసి, మళ్లీ పునరుద్ధరణ జరిగిన రోజులలో పంపేవాడు తన బంధువు ఎంత చెల్లించవలసి వస్తుందో ముందుగా చెప్పలేకపోయాడు. మోటుపల్లి శాసనం వర్తకుడికి ఇచ్చిన అభయం ఇక్కడ లోపించింది.

మూడవది రుజువు. పూర్తి మాఫీ కావాలంటే నోడల్ అధికారి ధ్రువపత్రం ఉన్న సంస్థ ద్వారా రావాలి. ప్రవాస తెలుగు సంఘాల వంటి వ్యవస్థలు ఆసుపత్రులకు యంత్రాలు పంపడానికి ఈ దారి అనువైనది. కానీ మైపాడు దగ్గరో, వాకాడు దగ్గరో ఒక ఇంట్లో ఉన్న తండ్రికి కువైట్‌లోని కొడుకు ఒక్క యంత్రం పంపాలంటే ఈ దారి పనికిరాదు. సంస్థకు వచ్చిన యంత్రం ఎవరికి చేరాలో సంస్థ నిర్ణయిస్తుంది. అది న్యాయమే. కానీ తన తండ్రి కోసం పంపుతున్న కొడుకు కోరుకొనేది అది కాదు.

నాలుగవది సుంకంతో సంబంధం లేనట్లు కనిపించే సాంకేతిక విషయం. అమెరికాలో గృహవిద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. భారతదేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి మార్కెట్టు కోసం తయారైన కాన్సంట్రేటర్‌ను ఇక్కడ నేరుగా ప్లగ్‌లో పెట్టకూడదు. కువైట్, యు.ఎ.ఇ.లలోని విద్యుత్తుకు తయారైన యంత్రానికి ఈ ఇబ్బంది ఉండదు. పన్ను కట్టి, రోజులు వేచి, తెప్పించుకొన్న యంత్రం వోల్టేజి తేడా వల్ల నిరుపయోగమైతే ఆ సడలింపు ఫలితం శూన్యం. సడలింపు ప్రకటనతో పాటు ఇటువంటి సూచనలను తెలుగులో ప్రచారం చేయడం ఖర్చులేని సాయం.

8. తాత్కాలికం నుంచి స్థిరమైన ఏర్పాటు వైపు:

కస్టమ్స్ చట్టంలోని సెక్షను 25 కేంద్ర ప్రభుత్వానికి రెండు రకాల అధికారాలు ఇస్తుంది. ప్రజాప్రయోజనం కోసం ప్రకటన ద్వారా అందరికీ వర్తించే మినహాయింపు ఇవ్వడం ఒకటి. అసాధారణ పరిస్థితులలో ప్రత్యేక ఉత్తర్వు ద్వారా మినహాయింపు ఇవ్వడం రెండవది. మే 1 నాటి రాయితీ మొదటి కోవకు, మే 3 నాటి మాఫీ రెండవ కోవకు చెందినవి. షరతులతో కూడిన మినహాయింపులు వేరే గడువు లేకపోతే రెండేళ్ల తర్వాత వచ్చే మార్చి 31తో వాటంతట అవే ముగిసేలా 2021 నాటి ఆర్థిక చట్టం ఇదే సెక్షనులో ఒక నిబంధన చేర్చింది. మినహాయింపులు శాశ్వతంగా పేరుకుపోకూడదన్న దృష్టి సరైనదే. కానీ విపత్తు సడలింపు ప్రతిసారీ కొత్తగా పుట్టవలసి రావడం వేరే సమస్య. దేశంలో కొరత తెలిసిన తర్వాత ప్రకటన, దానిలో లోపం తెలిసిన తర్వాత సవరణ, సవరణపై వ్యాజ్యం, వ్యాజ్యం తర్వాత మండలి సమావేశం, ఈ క్రమమంతా ముగిసేసరికి విపత్తు కూడా ముగింపుకు వస్తుంది.

దీనికి చట్టంలోనే ఒక ఆధారం సిద్ధంగా ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం విపత్తును గుర్తించే యంత్రాంగాన్ని ఏర్పరచింది. 2020 మార్చి 14న కేంద్రం కోవిడ్‌ను రాష్ట్ర విపత్తు స్పందన నిధి వినియోగానికి విపత్తుగా పరిగణించింది. అటువంటి గుర్తింపు జరిగిన వెంటనే, ముందే సిద్ధం చేసిన వస్తువుల జాబితాకు కుటుంబ కానుకలపై సుంకం దానంతట అదే నిలిచిపోయే స్థిరనిబంధన ఉంటే ప్రకటనల కోసం ఎదురుచూడవలసిన పని ఉండదు. తుఫాను తీరానికి ఆ జాబితాలో ఇంటి వైద్యపరికరాలతో పాటు నీటిశుద్ధి సాధనాలు, సౌరదీపాలు, దుప్పట్లు, గుడారాలు ఉండవచ్చు. విపత్తు గుర్తింపు ఉన్నంతకాలమే ఆ నిబంధన అమలులో ఉంటుంది కాబట్టి అది శాశ్వత రాయితీగా మారదు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- 2021లో కాన్సంట్రేటర్లపై ఇచ్చిన సడలింపు నిజమైన ఊరట కలిగించింది. 28 శాతం నుంచి 5 శాతానికి వచ్చిన తగ్గింపు చిన్నది కాదు. కానీ అది అవసరం కంటే ఆలస్యంగా నడిచింది.
- సంస్థ ద్వారా వచ్చిన యంత్రానికి, కుటుంబం ద్వారా వచ్చిన యంత్రానికి మధ్య చూపిన తేడాకు వస్తుసేవల పన్ను నిర్మాణంలో తగిన కారణం కనిపించదు. హామీపత్రం, సంఖ్యాపరిమితి అనే రెండు సాధనాలతో దుర్వినియోగాన్ని అడ్డుకోవచ్చు.
- తాత్కాలిక సడలింపులలో దిగుమతి పత్రం దాఖలైన తేదీకి బదులు వస్తువును పంపిన తేదీని ప్రమాణంగా తీసుకోవాలి. తపాలా, కొరియర్ రసీదులు అందుకు చాలిన రుజువు.
- విపత్తు గుర్తింపుతో ముడిపడిన స్థిరనిబంధన నెల్లూరు తీరం వంటి ప్రాంతాలకు అత్యవసరం. ఇక్కడ ప్రశ్న మరో తుఫాను వస్తుందా రాదా అన్నది కాదు, వచ్చేనాటికి నిబంధన సిద్ధంగా ఉంటుందా లేదా అన్నది.

గణపతిదేవుడి శాసనం ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడ యజమానికి ఇచ్చినది సుంకం లేని వ్యాపారం కాదు. ఎంత చెల్లించాలో ముందే తెలిసిన, అంతకు మించి ఎవరూ అడగని భరోసా. ఆపదలో ఉన్న ఇంటికి సముద్రం దాటి వచ్చే వస్తువు విషయంలో నేటి చట్టం అంతటి భరోసా ఇవ్వగలిగిన రోజున సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకోవలసిన అవసరం ఉండదు. వాటిని చట్టమే ముందుగా విని ఉంటుంది.